మొదటి ముద్ద

ఉప్పుగూడలో మా పుట్టింటివాళ్లది గుడి వంట. నాన్న నైవేద్యం వండుతున్నప్పుడు రుచి చూడడం మాట అటుంచి, వాసన పీల్చినట్టు కనిపించినా మా వీపు విమానం మోత మోగేది. ఉప్పెంతో చేతికి తెలియాలిగాని నాలుకకు కాదనేవాడు. ఆ చదువు నాకు బాగా ఒంటబట్టింది. ఓ ఎండాకాలం అదే నా పరువు తీసింది.

ఫలక్‌నుమా దగ్గరి ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనాలయ్యాక మిగిలినవి తెచ్చి, రైలు పట్టాల పక్క గుడిసెల్లో ఉండే కూలీ కుటుంబాలకు పెట్టడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది. విస్తట్లోది ముట్టను, వంటగిన్నెలో మిగిలిందే తీసుకుంటాను. వంటాయన ఫోన్ చేయగానే ఆటోలో వెళ్లి గిన్నెలు ఎక్కించుకునేదాన్ని. రుచి మాత్రం చూసేదాన్ని కాదు. నలుగురికి పెట్టేదాన్ని ముందు నేను ఎంగిలి చేయడమేమిటి?

ఆ రోజు సాంబారు. పొద్దున్నే కాచి, పొగలు కక్కుతుండగానే మూత బిగించారట. మధ్యాహ్నం మూడింటికి గుడిసెల ముందు దించి వడ్డించాను. ముగ్గురు మనవళ్లను సాకే ముసలామె ఎప్పటిలాగే అందరికంటే ముందు ముద్ద నోట్లో పెట్టుకుంది. తుపుక్కున ఉమ్మేసి, మనవళ్ల పళ్లేలు లాక్కుని నేలమీద బోర్లించింది.

"ఏందమ్మా ఇది? పాసిపోయింది! నువ్వు తిన్నవా?"

"వంటాయన మంచిగున్నదన్నడు పెద్దమ్మా."

"గాయన సంగతి ఇడిసిపెట్టు. నువ్వు నోట్ల ఏసుకోనిది మా పోరగాళ్లకు పెడ్తవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికెళ్లి గిన్నెలు తోముతూ ఏడ్చాను, ఆపైన నా మీద నాకే ఒళ్లు మండింది. మానేస్తే నా సిగ్గు తీరుతుందేమో, వాళ్ల కడుపులు నిండవు కదా!

తర్వాతి పెళ్లికి హాల్లోనే ప్రతి మూతా తీయించాను. మొదటి గరిటె నోటిదాకా వచ్చేసరికి నాన్న వెనకే నిలబడ్డట్టు అనిపించింది. అయినా మింగాను. పప్పు తేడాగా ఉంటే వద్దన్నాను.

"ఏందక్కా, మా మీద నమ్మకం లేదా?" అన్నాడు వంటాయన.

"నీ మీద ఉన్నదన్నా. గా మూత మీదనే లేదు."

గుడిసెల దగ్గర ఒక్కరూ పళ్లెం పట్టుకుని రాలేదు. కింద కూర్చుని నేను తిన్నాను. మిగతాది స్టేషన్ బయట ఉన్నవాళ్లకు పంచాను. ఆ తర్వాతి పెళ్లికీ అంతే. మొండితనంలో నేనేం తక్కువ తినలేదు. మూడోసారీ వెళ్లి, వాళ్ల ఎదురుగానే కూర్చున్నాను.

ముసలామె వచ్చి నిలబడింది. నేను మింగేదాకా కళ్లార్పలేదు.

"ఇంకో బుక్క తిను."

తిన్నాను. ఆమె కాసేపు ఆగి మనవళ్లను కేకేసింది. ముగ్గురూ పళ్లేలతో పరుగెత్తుకొచ్చారు. వడ్డించగానే వాళ్లు తినడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం పళ్లెం ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా చూస్తూ కూర్చుంది.

"నువ్వు తినవా పెద్దమ్మా? ఎప్పుడైనా ముందుగాల నువ్వే తింటవు గదా!"

"నువ్వు తిన్నవు గదా బిడ్డా. ఇగ నాకేం తొందర?"

ఏడాదిపాటు ఆమెకు ఆత్రమనుకున్నాను. నేను చేయాల్సిన పనిని ఆమె చేసింది.