ఎవరివో కణాలు

మా వీధిలో ఆవిడను అందరూ బస్సమ్మ అంటారు. సిటీ బస్సు నడుపుతుంది. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఇరుకు మలుపులో ఎదురుగా లారీ వచ్చినా వెనక్కి తగ్గే రకం కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి చిక్కిపోయింది. ఎవరింటికి వెళ్ళినా నిలబడే రెండు మాటలు మాట్లాడి వచ్చేసేది. కూర్చోమంటే, రోజంతా కూర్చునే ఉద్యోగమే కదా, కాళ్ళు పట్టేశాయని తప్పించుకునేది.

అసలు సంగతి తర్వాతెప్పుడో ఆవిడే చెప్పింది. పేగుల్లో పుండ్లు పడే జబ్బు, క్రోన్స్ అంటారట, ఆవిడకు చాలా ఏళ్ళుగా ఉంది. మందులతో నెట్టుకొచ్చింది. కానీ ఆ జబ్బు పేగుతో ఆగలేదు. మలద్వారం పక్కన మాంసాన్ని తొలుచుకుంటూ బయటికి రెండు దారులు చేసుకుంది. వాటినే ఫిస్టులా అంటారు. వాటిలోంచి చీము కారేది. డ్రైవరు సీట్లో ప్రతి గతుకూ ప్రాణం తీసేది.

ఆ చోటు పేరెత్తడానికి నోరు రాక ఇంట్లో కూడా దాచింది. తన బట్టలు తనే విడిగా ఉతుక్కునేది. పడక పక్క గదిలోకి మార్చుకుంది. భర్తకు సైకిళ్ళు బాగుచేసే షాపు ఉంది. మాటకారి కాదు. చాన్నాళ్ళు ఊరుకుని, ఒక ఆదివారం పొద్దున టీ గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"నా మీద మనసు విరిగిందా? విరిగితే చెప్పెయ్. ఇలా నలిగిపోవడం నావల్ల కావట్లేదు."

"మనసు కాదండీ, ఒళ్ళు" అంది ఆవిడ. ఆ తర్వాత తలుపు గడియపెట్టి అంతా చెప్పేసింది.

ఇన్నాళ్ళూ ఆ నొప్పితోనే బస్సు నడిపావా అని మాత్రం ఆయన అడిగాడట. ఏడవకూడదనుకుంటూనే ఆవిడ ఏడ్చేసింది.

ఆ వారమే ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. సర్జను వాళ్ళకంటే వయసులో చాలా చిన్నది. చీము లోపల నిలవకుండా ఆ దారుల్లో దారాలు వేసింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. నెలలు గడిచినా దారులు మూసుకోలేదు. ఇక మిగిలినవి రెండే. పొట్టకు సంచి తగిలించి మలాన్ని అటు మళ్ళించడం ఒకటి. కణాల చికిత్స రెండోది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరో దానం చేసిన కొవ్వులోంచి మూలకణాలు తీసి, ల్యాబులో పెంచి, ఆ దారుల చుట్టూ ఎక్కిస్తారు. కొందరికి పనిచేసింది, కొందరికి చేయలేదు, ఇంకా పరిశోధనలోనే ఉంది అని సర్జను దాచకుండా చెప్పింది.

బస్సమ్మకు వేరే సందేహం. "ఎవరివో కణాలు నా ఒంట్లోనే ఉండిపోతాయా డాక్టరమ్మా?"

"ఉండవమ్మా. మీ ఒళ్ళు మీతోనే గొడవ పెట్టుకుంది. ఇవి ఆ గొడవ సద్దుమణిగేలా చూస్తాయి, తర్వాత పోతాయి. మానితే మానేది మీ మాంసమే."

ఆపరేషన్ కోసం కణాలు చిన్న సీసాల్లో వచ్చాయి. అవి నిలవుండేవి కావు, ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. తీరా ఆ ఉదయం బస్సమ్మ ఒళ్ళు కాలిపోతోంది. స్కాన్ తీస్తే లోపల కొత్తగా చీముగడ్డ. చీమున్న చోట కణాలు ఎక్కించకూడదు. గడ్డ శుభ్రం చేసి ఇంటికి పంపారు, సీసాలు పారేశారు. నొప్పి కంటే ఆ సీసాలే ఆవిడను కుంగదీశాయి. ఎవరో తమ ఒంట్లోంచి తీసిస్తే చెత్తబుట్ట పాలయ్యాయే అని అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయింది.

"కొవ్వు పట్టినవాళ్ళకు లోకంలో కరువా? ఇంకొకరు ఇస్తార్లే, తిను" అన్నాడు భర్త. చాలా రోజుల తర్వాత ఆవిడ పెద్దగా నవ్వింది.

రెండోసారి అన్నీ కుదిరాయి. దారాలు తీసి, దారుల్ని గీకి శుభ్రం చేసి, లోపలి రంధ్రాలు కుట్టి, చుట్టూ సూదితో కణాలు ఎక్కించారు. ఆ తర్వాత ఎదురుచూపులే. ఏమైనా మారిందా అని భర్త అడిగితే విసుక్కునేది, అడగకపోతే ఇంకా విసుక్కునేది. నెమ్మదిగా ఒక వైపు తడి ఆగిపోయింది. ఆ దారి మూసుకుందని స్కాన్‌లోనూ తేలింది. రెండోది సన్నబడింది కానీ అప్పుడప్పుడూ ఇంకా కారుతుంది. సగం గెలిచామంది సర్జను. ఆ సగం కూడా ఎంతకాలం నిలుస్తుందో చూడాలంది.

డిపోవాళ్ళు దగ్గరి రూటు ఇచ్చారు. మెత్త వేసుకుని నడుపుతోంది. జబ్బేమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఆ చోటు పేరుతో సహా చెప్పేస్తుంది, అడిగినవాళ్ళే తల దించుకుంటారు.

తనకు కణాలిచ్చిందెవరో చెప్పరట. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రోడ్డు దాటేవాళ్ళను చూస్తూ, వీళ్ళలో ఎవరైనా కావచ్చు కదా అనుకుంటుందట. బస్సు కదిలాక పరిగెత్తుకొచ్చేవాళ్ళ కోసం ఆవిడ ఇదివరకు ఆపేది కాదు. ఈమధ్య ఆపుతోంది.