పేజీ మూలన గోధుమరంగు వేలిముద్ర

నవంబరు ఇరవై ఒకటి, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఇచ్చోడలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, అయిదో నెల గర్భంతో ఉన్న మా అమ్మాయి, ఆమెను దింపడానికి భైంసా నుంచి వచ్చిన ఆమె అత్త. లెక్కకు ముగ్గురం. ఉద్యోగమంతా ఏఎన్ఎంగా గర్భిణుల కార్డులు నింపినదాన్ని కనుక, అలవాటు కొద్దీ కడుపులోని ప్రాణాన్ని కూడా కలుపుకొని డైరీలో నలుగురం అని రాశాను.

అమ్మాయి పడుకొని లేచింది. తలగడ మీద, నోరు ఆనిన చోట, రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. సరిగ్గా అలాంటిదే ఎక్కడో చూశాను.

వియ్యపురాలు నడుముకు దోపుకున్న చిన్న డబ్బా తీసింది. మిశ్రి, అంటే కాల్చిన పొగాకు పొడి. మా వైపు ఆడవాళ్లు పళ్లకు రుద్దుకుంటారు.

"జర గిది పెట్టుకుంటే చిగుర్లు గట్టివడ్తయ్, వదినె. పిల్లకు వారం సంది నేనే పెడుతున్న."

"పండ్ల డాక్టరుకు చూపియ్యమని కాన్పుల డాక్టరమ్మ చెప్పింది గద?" అన్నాను.

"కడుపుతోని ఉన్నదాని పన్ను ముట్టనిస్తరా ఎవరన్న? నర్సమ్మవయ్యి నువ్వు గూడ గట్లనే అంటవేంది? నువ్వు ముట్టిచ్చుకోలే. బంగారమసొంటి పిల్లను కనలేదా?"

మా అమ్మాయి నవ్వింది. పళ్ల సందుల్లో ఎరుపు కనిపించింది. "గా బంగారానికి రోజు పొద్దుగాల సూది పొడుసుకునుడు తప్పుతలేదు, అత్తమ్మా."

ఆమెకు ఇరవై ఆరేళ్లకే షుగర్ బయటపడింది. సన్నటి మనిషి. మా రెండు వైపులా ఎవరికీ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందోనని మూడేళ్లుగా పాత డైరీలు తిరగేస్తున్నాను. నాకు వచ్చిన జ్వరాలు, వేసుకున్న గోళీలు, తిన్న తిండి, అన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు.

డాక్టరమ్మ మాత్రం ఆ మధ్య అమ్మాయి నోరు తెరిపించి చూసి ఇలా అంది: "చిగుళ్లలో చీము ఉంటే ఆ క్రిములు రక్తంలో కలుస్తాయి. తల్లికి షుగర్ అదుపు తప్పుతుంది. పుట్టే బిడ్డకు కూడా పెద్దయ్యాక ఒంట్లో చక్కెర, కొవ్వు గాడి తప్పవచ్చని జంతువుల మీద పరీక్షలు చేసినవాళ్లు అంటున్నారు. మనుషుల్లో ఇంకా పూర్తిగా తేలలేదు. తేలేదాకా మనం ఆగొద్దు. ఈ నెలల్లో పళ్లకు వైద్యం చేయించుకుంటే భయం లేదు."

అది చెబితే వియ్యపురాలు చెయ్యి ఊపింది. "వాడు కడుపుల ఉన్నప్పటి సంది నా పండ్లన్ని రాలినయ్. నా కొడుకుకు ఏమైంది?"

"నీ కొడుకుకు పాయింటు గుండీ పడ్తలేదు. ముప్పై ఏండ్లకే బీపీ గోళీ మింగుతుండు," అంది అమ్మాయి.

తలగడ మీది మరకను ముందు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. నేను లేచి ట్రంకుపెట్టెలోంచి అమ్మాయి పుట్టిన ఏటి డైరీ తెచ్చాను. ఎన్నోసార్లు చదివిందే. అమ్మాయి చేతికిచ్చి, నాలుగో నెల నుంచి చదవమన్నాను. ఆమె పైకి చదివింది.

"తలగడ మీద మరక. మిశ్రి రుద్దాను. తగ్గింది." పేజీ తిప్పింది. "చిగుళ్ల నుంచి రక్తం. మిశ్రి రుద్దాను. తగ్గింది." ఇంకో పేజీ. "తగ్గింది." ఇంకోటి. "తగ్గింది." ఆమె గొంతు నెమ్మదించింది. "అమ్మా, రోజు తగ్గుతే మల్ల రోజు ఎందుకు రాసినవ్?"

వందల మంది గర్భిణుల బరువు చూశాను, బీపీ చూశాను, కాళ్ల వాపు చూశాను. నోరు తెరవమని ఒక్కరినీ అడగలేదు. కార్డులో ఆ గడి లేదు.

"గీ మరకలేంది?" వియ్యపురాలు ముందుకు వంగింది.

ప్రతి పేజీ కింది మూలన ఒక గోధుమరంగు వేలిముద్ర. కాగితం పాతబడి వచ్చిన మచ్చలనుకునేదాన్ని. నాకు నాలుక మీద వేలు తడిపి పేజీ తిప్పే అలవాటు. నాలుగో నెల నుంచి కాన్పు దాకా ప్రతి మూలా ఉంది. ఆ తర్వాత పలచబడింది. మూడేళ్లు జ్వరాలు, గోళీలే వెతికాను, ఈ వాక్యాలనూ మూలలనూ పట్టించుకోలేదు.

అమ్మాయి నాలాగే వేలు తడిపి ఇంకో పేజీ తిప్పింది. నా పాత ముద్ర పక్కనే కొత్తది పడింది, ఎర్రగా, తడిగా. ముగ్గురమూ దాన్నే చూశాం. మరకలున్నంత మాత్రాన అమ్మాయి షుగర్‌కు కారణం అదేనని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

వియ్యపురాలు డబ్బా మూత పెట్టింది. ఆ సాయంత్రం ఆమె దాన్ని మళ్లీ తీయలేదు.

మరునాడు తెల్లవారి లేచేసరికి ఆమె పెరట్లో తలగడ గలీబు ఉతుకుతోంది. మిశ్రి డబ్బా బూడిద కుప్ప మీద బోర్లాపడి ఉంది.

"ఏడున్నర బస్సుకు ఆదిలాబాద్ పోదాం, వదినె. పండ్ల డాక్టరు నా నోరు గూడ చూస్తడేమో అడుగు. పండ్లు లేకున్నా చిగుర్లున్నయ్ గద."

బయలుదేరే ముందు పాత డైరీని పెట్టెలో పెట్టబోతూ ఆ పేజీ తెరిచాను. నిన్నటి ఎరుపు రాత్రికి రాత్రే గోధుమరంగుకు తిరిగింది. ఏ ముద్ర నాదో, ఏది అమ్మాయిదో, కళ్లద్దాలు పెట్టుకున్నా తెలియలేదు.

కొత్త డైరీలో ఒక్క వాక్యం రాశాను: తలగడ మీద మరక, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. తగ్గింది అని రాయలేదు.