నాలుగో చరణంలో పేరు

పోయిన మంగళవారం పొద్దున్న అంకుల్ పోయారు. ఆయన మేనకోడలు ఫోన్ చేసి, "మామ పోయాడు. టీ పెట్టుకుంటానని లేచాడు, అక్కడే పడిపోయాడు" అంది. నేను ట్రైన్‌లో ఉన్నాను. తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురు ట్రైన్ ఎక్కి ఆంగ్ మో కియోలో ఆయన ఇంటికి వెళ్ళిపోయాను. ఆఫీసుకి చెప్పాలన్న సంగతి సాయంత్రానికిగానీ గుర్తు రాలేదు.

అంకుల్ నాకు బంధువు కాదు. పెళ్ళయి సింగపూర్ వచ్చిన కొత్తలో మా పక్క ఫ్లాట్ మనిషి. వై టూ కే పేరు చెప్పి మన కుర్రాళ్ళని విమానాల్లో పోసుకొస్తున్న రోజులవి. మా ఆయన వాళ్ళలో ఒకడు. అంకుల్ వాళ్ళు అలా వచ్చినవాళ్ళు కాదు. ఆయన తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటకి కూలికొచ్చాడు. అంకుల్ జురాంగ్ ఐలాండ్‌లో పైపులు వెల్డింగ్ చేసేవారు. సెలవు రోజుల్లో తలుపు బార్లా తీసిపెట్టుకుని గిటార్ మీద పాడేవారు.

పాట అంటే మీరు అనుకునే పాట కాదు. ఆయన తోట వదిలి సింగపూర్ వచ్చిన కొత్తలో ఎవరో ఓడ మనిషి దగ్గర అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ రికార్డులు విన్నారట. "వాళ్ళు పత్తిచేలో ఏడిచారు, మావాళ్ళు రబ్బరు తోటలో ఏడిచారు. భాష వేరే, దెబ్బ ఒకటే లా" అనేవారు, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి. వాళ్ళమ్మ పాడిన తోట పాటలన్నీ ఆ బాణీలోకి దింపుకున్నారు. వాటిలో పూలూ వెన్నెలా ఉండవు. మేస్త్రీ బెత్తం, కల్లు తాగొచ్చిన మొగుడు, పగిలిన దవడ, చెట్టు గీసే కత్తితో ఒకడి చెవి కోసేసిన ఆడమనిషి. వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగ మీద జార్చితే ఎవర్నో జుట్టు పట్టి ఈడుస్తున్నట్టుండేది. నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో ఉన్నది చాలక గోడ అవతల కూడా ఇదేనా అని.

ఇంట్లో ఏముందో చెప్తాను, ఇప్పుడింక సిగ్గేముంది. మా ఆయన కొట్టేవాడు. చెంపదెబ్బలతో సరిపెట్టే రకం కాదు. బెల్టు, ఇస్త్రీపెట్టె వైరు, ఓసారి రైస్ కుక్కర్ మూత. ఆఫీసులో మేనేజర్ తిట్టిన వారం నాకు మూడిందన్నమాటే. వాడి ఉద్యోగం పాస్ మీద నేను ఈ దేశంలో ఉన్నాను. వాడు వద్దంటే విమానం ఎక్కాల్సిందే. మా నాన్నకి ఫోన్లో చెప్తే, "మగాడన్నాక కోపం ఉండదా అమ్మా" అన్నాడు.

ఒక ఆదివారం, భోజనాల వేళ. పులుసులో ఉప్పెక్కువైందని జుట్టు పట్టుకుని నా తల గోడకేసి కొడుతున్నాడు. బయట కారిడార్‌లో గిటార్ మోగింది. అంకుల్ మా తలుపు ఎదురుగా స్టూలు వేసుకుని కూచుని మొదలుపెట్టారు.

"పన్నెండో మేడ మీద ఒకడి చెయ్యి లేచింది,
పేరు చెప్పమంటారా, కాసేపు ఆగమంటారా."

రెండో చరణంలో లిఫ్టు నుంచి ఎన్నో తలుపో చెప్పారు. మూడోదాంట్లో వాడు చేసే పని. కారిడార్ నిండా మా ఆయన ఆఫీసు వాళ్ళ భార్యలే. నాకు పరువు అడ్డొచ్చింది. "ఏం లేదంకుల్, మీరు వెళ్ళండి" అని లోపల్నించి అరిచాను. పాట ఆగిపోయింది. స్టూలు ఈడ్చుకెళ్ళిన చప్పుడు వినపడింది. మా ఆయన గడియ పెట్టి, టీవీ సౌండ్ పెంచి, నా కుడిచెవి మీద కొట్టాడు. లోపలేదో చిరిగింది. ఆ చెవికి ఈరోజుకీ ఏమీ వినపడదు.

మర్నాడు లిఫ్టు దగ్గర అంకుల్ ఎప్పటిలాగే, "మకాన్ అయిందా?" అని అడిగారు. తిన్నావా అని. నా చెవిలో దూది చూసి తల దించుకున్నారు. మీ పాట వల్లే ఇది అని మొహం మీదే అన్నాను. "అవును" అన్నారు. అప్పుడు చెప్పారు, తోటలో కూలీల లైన్ ఇళ్ళలో అది ఆచారమట. పోలీసులు రారు, దొర పట్టించుకోడు. అందుకని పెళ్ళాన్ని కొట్టేవాడి గుమ్మం ముందు కూచుని పాడతారు. మూడు చరణాల దాకా పేరు రాదు. ఆలోగా చెయ్యి దించితే వదిలేస్తారు. నాలుగోదాంట్లో పేరు పాడితే వాడితో ఇంకెవరూ కలిసి తినరు. కానీ లోపలి ఆడమనిషి ఏం లేదంటే మాత్రం పాట ఆపెయ్యాలి. "ఈసారి ఏం లేదనకమ్మా" అన్నారు.

రెండు వారాలు తిరక్కుండానే, శనివారం పొద్దున్న, నన్ను కిందపడేసి మెడ మీద మోకాలు పెట్టాడు. బయట పాట మొదలైంది. నేను పళ్ళు బిగించుకుని పడున్నాను. ఒకటి, రెండు, మూడు. వాడు నన్ను వదిలేసి తలుపు తీసుకుని బయటికి దూకాడు. గిటార్ లాక్కుని ఆయన మొహం మీదే విరగ్గొట్టాడు. రెండు పళ్ళు ఊడి సిమెంటు మీద పడ్డాయి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. లేవలేదు, చెయ్యెత్తలేదు. నోటినిండా నెత్తురుతోనే నాలుగో చరణం అందుకున్నారు. పేరు, ఇంటిపేరుతో సహా. ఎదురు ఫ్లాట్ చైనీస్ ముసలావిడ పోలీసులకి ఫోన్ చేస్తోంది. తలుపు తెరిచే ఉంది. నేను పాక్కుంటూ గడప దాటాను.

మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వాడి మీద పోలీసు కేసు తేలేదాకా నన్ను దేశంలో ఉండనిచ్చారు. అంకుల్ మేనకోడలి ఇంట్లో ఐదు నెలలున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను. మనిషన్నవాడికల్లా ఉద్యోగం ఇస్తున్న కాలం కాబట్టి నాకూ ఒకటి దొరికింది, నా పేరు మీద పాస్ వచ్చింది.

పళ్ళు పోయాక అంకుల్‌కి గంజి కాచి పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు, "మీరు నా పాలిట దేవుడు" అన్నాను. ఆయన స్పూను కింద పెట్టేశారు. "నా పేరు కూడా పాడారమ్మా, మలయాలో జోహోర్ రబ్బరు తోటలో ఉండగా. మా అమ్మే పాడింది. నాలుగో చరణం అయిపోయినా ఈ కుడిచెయ్యి దించలేదు నేను. మా ఆవిడ పిల్లనెత్తుకుని ఈపో ఊరెళ్ళిపోయింది. మంచి పని చేసింది."

గంజి గిన్నె అక్కడే వదిలేసి వచ్చేశాను. నెల్లాళ్ళు ఆయన మొహం చూడలేదు. తర్వాత వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. క్షమించానని మాత్రం అనను, అది నా చేతిలో పని కాదు. ఆయన పాడబట్టి నేను బతికున్నాను. అది అబద్ధం కాదు, ఆయన పెళ్ళాన్ని కొట్టిందీ అబద్ధం కాదు. రెండూ పెట్టుకునే ఇన్నేళ్ళు ఆయన ఇంటికి వెళ్ళొచ్చాను.

బుధవారం బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో, అంటే స్తంభాల మధ్య ఖాళీ జాగాలో, ఆయన్ని పెట్టెలో ఉంచారు. ఈపో నుంచి ఆయన భార్య వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కూతురి భుజం పట్టుకుని. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. అందరూ పూలు వేస్తున్నారు. మేనకోడలు చేతిలో పెట్టిన పూలు ఆవిడ పక్క కుర్చీలో పెట్టేసింది. పెట్టె దగ్గరికొచ్చి మొహం వైపు చూడలేదు. గుడ్డ తొలగించి ఆయన కుడిచెయ్యి వెతుక్కుంది. దాని మీద తన అరచెయ్యి పెట్టి, ఒంటి బరువంతా వేసి అదిమింది. పంతులు మంత్రం ఆపి చూశాడు. కూతురు, "చాలమ్మా, రా" అంది. ఆవిడ గాజులు పెట్టె అంచుకి కొట్టుకుంటున్నాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.