పేడ వండిన గుంట

ఆ రోజుల్లో నాకు తెలిసిన సైన్సంతా ఒక్కటే: ఏది పెరగకపోయినా కాస్త యూరియా తగిలించాలి. మా నాన్నకు పార్వతీపురంలో ఎరువుల కొట్టుంది మరి. ఆ కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చోలేకే పట్టుబట్టి ఎమ్మెస్సీ చదివి అనంతగిరి కొండెక్కాను. కాఫీ పండ్లు కడిగిన నీళ్ళను బ్యాక్టీరియాతో పులియబెట్టి హైడ్రోజన్ తీయడం నా ఉద్యోగం. శనివారం ప్రాజెక్టు నడిపే మా మేడమ్ వచ్చేసరికి సీసా మూతికి తగిలించిన రబ్బరు బుడగ గ్యాసుతో ఉబ్బాలి. లేదంటే ప్రాజెక్టు మూత, నాకు మళ్ళీ గల్లాపెట్టె. చచ్చినా వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ బ్యాక్టీరియా ఆవుపేడలో ఉంటుంది. పేడను మరిగిస్తే హైడ్రోజన్‌ను తినేసే రకాలు చచ్చి, మనకు కావలసిన మొండివి మిగులుతాయి (మొండివాళ్ళంటే నాకు మొదటినుంచీ అభిమానమే). నేను అద్దెకున్న ఇంటావిడకు కాఫీ తోట ఉంది, ఆవిణ్ణి అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడ పొయ్యి దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది.

"ఏటే గుంటా, పేడ వండుతన్నావా? రేపు ఆ గిన్నెలోనే నేను అంబలి కాయాల!"

కొత్తది కొనిస్తానని బతిమాలుకున్నాను.

కాఫీ పండ్ల నీళ్ళలో తీపికి కొదవలేదు, నత్రజనే తక్కువ. బుడగ కదల్లేదు. నాన్న కూతుర్ని కదా, గుప్పెడు యూరియా వేశాను. మర్నాటికి సీసాలో నీళ్ళు చిక్కబడ్డాయి. బ్యాక్టీరియా పిల్లాపాపలతో వర్ధిల్లుతోంది గానీ గ్యాసు మాత్రం లేదు. పంతం కొద్దీ ఇంకో గుప్పెడు వేశాను. ఘాటైన కంపు కొట్టింది, అంతే.

గురువారం నా ఏడుపు మొహం చూడలేక అత్త రాజ్మా కూరతో అన్నం పెట్టింది. వద్దంటున్నా మళ్ళీ మళ్ళీ వడ్డించింది. నేను గోడకు చేరబడి పట్టపగలే గుర్రుపెట్టాను.

"బేగి లెగే! బుడగ సంగతి సూడవా?"

"కడుపు పగిలిపోతోంది అత్తా, లేవలేను."

ఆ మాట అంటూనే లేచి కూర్చున్నాను. ఓరి దేవుడా, సీసాలో వాటిదీ ఇదే అవస్థ! పస్తుంటే పని చేయలేవు. అతిగా మేపితే తిని, పిల్లల్ని పెంచుకుంటూ కూర్చుంటాయి. పాతది పారబోసి, మిగిలిన పేడతో కొత్త సీసాలు పెట్టాను. ఒకదాంట్లో చిటికెడు, ఇంకోదాంట్లో అరచెంచా, మరోదాంట్లో చెంచాడు యూరియా వేశాను. శనివారం పొద్దున్న అరచెంచా సీసా మీద బుడగ నిమ్మకాయంత ఉబ్బింది! ప్రాజెక్టు ఆగదని మేడమ్ అనగానే సిగ్నల్ కోసం మిట్టెక్కి నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, అరచెంచా యూరియా చాలు! గుప్పెళ్ళు వేయబట్టే చెడింది!"

నాన్న గొంతు తగ్గించాడు.

"ఓలమ్మా! ఆ ముక్క మనూళ్ళో ఎవులితోనూ అనకే. కొట్టు ఎత్తీసుకోవాల!"

ఇప్పుడు నా ల్యాబ్‌లో మీటర్లున్నాయి, నా మాట వినే విద్యార్థులున్నారు. నిమ్మకాయంత బుడగకు కొండెక్కి అరిచే ఓపికే లేదు. అత్తకు గిన్నె కొనిచ్చాను లెండి. మొన్న వెళ్తే అది అటక మీద తళతళలాడుతోంది. వాడలేదేమని అడిగాను.

"పేడ వండుకోడానికి నువ్వు మళ్ళీ వత్తావు కదాని దాసేను" అంది.