సెకనుకు అరవై బొమ్మలు

మా వదినకు పుట్టుకతోనే వినపడదు. పదిహేనేళ్లుగా టైలరింగు షాపులో కాజాలు కుడుతోంది. మూడు మిషన్లు ఒకేసారి మోగుతుంటే మిగతావాళ్లకు తలనొప్పులు, ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు. సాయంత్రాలు మాత్రం వినపడని పిల్లల్ని నలుగురిని ముందు కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతుంది. వెలిగిపోయే ఆ పిల్లల మొహాలు చూసినప్పుడల్లా, ఈవిడ కాజాల దగ్గర ఎందుకు మగ్గిపోతోందా అని నాకు ఒళ్లు మండేది.

అందుకే బధిరుల బడిలో టీచరు ఉద్యోగం ఉందని తెలియగానే పట్టుబట్టి దరఖాస్తు పెట్టించాను. పది నిమిషాల పాఠం వీడియో తీసి శనివారంలోగా పంపమన్నారు. "నేను తీస్తాగా!" అని ఎగిరి గంతేశాను. అప్పటిదాకా కెమెరా ముట్టుకున్న పాపాన పోలేదు.

ఫొటో స్టూడియో ఆయన కెమెరా ఇచ్చాడు. అందులో సెకనుకు ఎన్ని బొమ్మలు తీయాలో మనమే చెప్పాలట. ఇరవై నాలుగా, ముప్పయ్యా, అరవయ్యా?

"సినిమాలన్నీ ఇరవై నాలుగేనమ్మా. కళ్లు మూసుకుని అది పెట్టెయ్," అన్నాడాయన.

పెట్టేశాను.

గురువారం సాయంత్రం ముందుగదిలో ట్యూబులైటు కింద భిన్నాల పాఠం తీశాం. చూసుకుంటే మా వదిన అచ్చం సినిమాలో మనిషిలా ఉంది! నేను మురిసి ముక్కలైపోయాను. అన్నయ్య కూడా అదిరిందన్నాడు. వదిన మాత్రం మొహం చిట్లించి, వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

"ఇక్కడ మూడు అన్నానా, నాలుగు అన్నానా?" అని చేతులతో అడిగింది.

ఆపి చూశాను. వేళ్లు ఉండాల్సిన చోట అలుక్కుపోయిన మరక ఉంది.

"కొంచెం మసకేగా వదినా. ఎవరు పట్టించుకుంటారు?" అన్నాను, నాకొచ్చిన నాలుగు సైగలతో.

వదినకు కోపం వచ్చింది. "నువ్వు నోట్లో గుడ్డ కుక్కుకుని పాఠం చెబితే పట్టించుకుంటారా, లేదా?"

నేను మొహం చూసి మురిసిపోతుంటే, పాపం, ఆవిడ తన మాటలు వెతుక్కుంటోంది. సిగ్గేసింది.

మర్నాడు, బొమ్మలు ఎక్కువైతే వేళ్లు తేటపడతాయేమోనని అరవై పెట్టాను. వేళ్లు తేటగా వచ్చాయి గానీ బొమ్మంతా చీకటి. స్టూడియో ఆయనకు ఫోన్ చేస్తే, ఒక్కో బొమ్మకు దొరికే సమయం తగ్గింది కాబట్టి వెలుతురు ఎక్కువ కావాలన్నాడు. ముందే చెప్పి చావొచ్చుగా మహానుభావా, అని మనసులో తిట్టుకున్నాను. శనివారం పొద్దున్నే బోర్డు మేడమీదికి మోసుకెళ్లాం. నేను ఎండకు కళ్లు చికిలించుకుంటూ కెమెరా పట్టుకున్నాను. వదిన ఎక్కడా ఆగకుండా పాఠం చెప్పేసింది.

పంపేముందు చూశాను. ప్రతి వేలూ విడివిడిగా కనిపిస్తోంది. అయినా పాఠం నాకు అర్థం కాలేదు! రెండోసారి చూసినా అంతే. చివరికి వేగం సగానికి తగ్గించాను. అప్పుడు ఒక్కో మాటా అందింది.

ఆ వేగం నాకు బాగా తెలుసు. అన్నయ్య పెళ్లయిన ఈ పన్నెండేళ్లూ వదిన నాతో సరిగ్గా ఆ వేగంతోనే మాట్లాడింది. మా ఇంట్లో అందరం ఆవిడతో ఎంత ఓపిగ్గా ఉంటామో అని ఊరంతా గొప్పలు చెప్పుకున్నదాన్ని నేను. ఇన్నేళ్లూ ఓపిక పట్టింది ఆవిడ. నాకు ఏడుపొచ్చేసింది.

బుధవారం బడినుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. అన్నయ్య మిఠాయి కొనడానికి పరిగెత్తాడు. నేను వదిన ఎదురుగా కూర్చున్నాను.

"ఇక నాతో నెమ్మదిగా మాట్లాడకు. పిల్లలతో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు. నేను నేర్చుకుంటా," అన్నాను.

వదిన చేతులు గిర్రున తిరిగాయి. నాకు అందింది ఒక్కటే మాట, "పిచ్చిదానా" అని.

"మళ్లీ చెప్పు," అన్నాను.

మళ్లీ చెప్పింది, అంతే వేగంగా.