జత లేనిదే గేటు దాటనివ్వరు

ఫోను పక్కన లేనిదే లోరెట్టా స్నానానికైనా వెళ్లదు. సైన్యంలో తొలి శిక్షణ ముగించుకుని, కొడుకు కోల్బీ ఇప్పుడు వర్జీనియాలో మిలిటరీ లారీల మరమ్మతు నేర్చుకుంటున్నాడు. ఫోను ఏ వేళ చేతికిస్తారో వాడికే తెలియదు. వాడితో పెరిగిన ముసలి కుక్క డచెస్ చనిపోయిన సంగతి ఆమె ఇంకా చెప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒంటరిగా చెప్పాలని ఆమె కోరిక. బయటికి వదిలిన శనివారం కారేసుకుని వెళ్తే, కోల్బీ యూనిఫాంలో వచ్చాడు. వెనకాల తలుపంత మనిషి. "వీడు ఒకాసియో, నా జత. జత లేనిదే గేటు దాటనివ్వరు మేడమ్." "మేడమేంట్రా, మీ అమ్మనిరా!" "అవును మేడమ్."

హోటల్లో కోల్బీ చెయ్యి కడుక్కోవడానికి లేస్తే ఒకాసియో కూడా లేచాడు. ఇక లాభం లేదని ఆమె అనేసింది: "డచెస్ పోయిందిరా." కోల్బీ లేచినచోటే చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. బావురుమన్నది ఒకాసియో. "బంగారంలాంటి కుక్కండీ!" "నువ్వెప్పుడు చూశావు నాయనా?" "చూళ్లేదండీ. పడుకునే ముందు రోజూ దాని కబుర్లే చెప్పేవాడు." లోరెట్టా లేచి, ఆ కొండంత మనిషిని కావలించుకుని వీపు నిమురుతుంటే, కొడుకు వెనక్కి కట్టుకున్న చేతులు కనిపించాయి. వేళ్లు తెల్లబడేలా బిగుసుకున్నాయి. ఆమె ఒక చెయ్యి చాపి వాటిని పట్టుకుంది. కోల్బీ గోడవైపే చూస్తూ అడిగాడు: "ఎక్కడ పూడ్చావు?"