మురుగు కాలువలో ఒలికిన డీజిలు

పేరు షేక్ ఇలియాస్. వయస్సు యాభై ఆరు సంవత్సరాలు. భీమడోలు వాస్తవ్యుడు. చేపల చెరువుల మీది డీజిలు ఇంజన్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఇది వ్రాసినవారికి ఆయనతో ఇరవై రెండేళ్ల పరిచయం.

ఈ వేసవిలో ఒక చెరువు గట్టున ఇంజను విప్పుతుండగా ఇలియాస్ మోకాలు తగిలి డీజిలు డబ్బా మురుగు కాలువలోకి ఒరిగిపోయింది. కొల్లేటిలో కలిసి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి చేరే నీరది. చూస్తూండగానే దాని మీద రంగుల పొర పరుచుకున్నది. ఆయన కంగారుపడి గట్టు మీదున్న బ్లీచింగు బస్తా విప్పి కాలువ పొడవునా చల్లేశాడు. చెరువుల మీద ఏ కల్మషానికైనా మొదట గుర్తొచ్చే మందు అదే మరి.

తెల్లవారాక చూస్తే పొర అలాగే ఉన్నది, చిన్న చేపలు మాత్రం తేలాయి. ఎవరూ అడగకముందే ఆయన చెరువుల సంఘం అధ్యక్షులు సూర్యప్రకాశరావు గారి వద్దకు వెళ్లి జరిగినదంతా చెప్పాడు. ఇలియాస్‌ను ఇకపై ఏ చెరువు పనికీ పిలవరాదని సంఘం తీర్మానించింది.

ఇలియాస్ పొరుగింటి అహరోను మాస్టారి కుమార్తె జ్యోత్స్న సముద్రపు సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నది. సెలవులకు వచ్చిన ఆమె ఇలియాస్ వెంట వెళ్లి కాలువ చూసింది.

“బాబాయ్ గారూ, చెరువుకు పోసే మందు డ్రమ్ములో ఏం పులియబెడతారండీ?”

“బెల్లం, తవుడు, చెరువు అడుగు మురికిని తినే సూక్ష్మజీవుల పొడీను. నాకు పరీక్ష పెడుతున్నావా తల్లీ?”

“అందులో బ్లీచింగు వేస్తేనో?”

“ఇంకేముంది, అన్నీ చస్తాయి! ఆ రైతు నన్ను తీసుకెళ్లి అదే డ్రమ్ములో ముంచుతాడు!”

“మరి ఈ కాలువలో మీరు వేసిందేంటండీ?”

ఇలియాస్ వంగి కాలువలోని బురద వైపు చూశాడు.

సముద్రంలో నూనె ఒలికితే దానినే తిని బ్రతికే సూక్ష్మజీవులున్నాయనీ, అటువంటివే ఈ బురదలోనూ కొన్ని ఉంటాయనీ ఆమె చెప్పింది. వాటికి గాలి కావాలి, కాస్త నత్రజని కావాలి. చెరువుల మురుగులో నత్రజనికి కొదవ లేదు. పలుచని నూనెను ముందు తింటాయి, చిక్కనిదానికి చాలాకాలం పడుతుంది. బ్లీచింగు వాటినే చంపింది; గాలి అందిస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి.

ఇలియాస్ ఎండుగడ్డితో పైపొరను అద్ది తీశాడు. తన సొంత ఇంజను తెచ్చి, నీటిని చిలికి గాలి పట్టించే ఏరేటరును కాలువలో నడిపాడు. సూర్యప్రకాశరావు గారు అటుగా వచ్చి ఆగారు.

“డీజిలు పోసినవాడివి, మళ్లీ డీజిలు ఇంజనే తెచ్చావేంటయ్యా?”

“ఈసారి కింద పళ్లెం పెట్టానండీ.”

ఆయన నవ్వు ఆపుకున్నారు గాని, తీర్మానం మార్చలేదు.

ఇప్పుడు పొర రెల్లు మొదళ్ల వద్ద మాత్రమే మిగిలింది. చేపపిల్లలు మళ్లీ కనబడుతున్నాయి. అయినా ఇలియాస్‌ను పనికి పిలిచేవారు లేరు. పైగా కాలువకు మరొకసారి బ్లీచింగు కొట్టించాలని సంఘంలో కొందరు అంటున్నారు.

కావున సంఘం వారిని సవినయంగా కోరునదేమనగా, మిగిలిన పొర హరించేవరకు ఆ కాలువలో బ్లీచింగు చల్లించవద్దనియు, తన తప్పు తానే చెప్పుకొని తన చేతులతోనే సరిదిద్దుకుంటున్న షేక్ ఇలియాస్‌ను తిరిగి చెరువుల మీద పనికి అనుమతించవలసినదనియు ప్రార్థన.